ప్రాణం దక్కిన ఇంట్లో అప్పు మిగిలితే

ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి బతికి ఇంటికొస్తే "గండం గడిచింది" అంటాం. ఆసుపత్రి బిల్లుతో ఆ ఇంటికి రెండో గండం అప్పుడే మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2021లో ఆత్మహత్య మరణాల్లో 73 శాతం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనే జరిగాయి. ఈ దేశాల్లో వైద్యం ఖర్చులో పెద్ద భాగం కుటుంబం మీదే పడుతుంది.

మన కోనసీమలో రాజోలు, కొత్తపేటల్లో ప్రథమ చికిత్స అయ్యాక అమలాపురం తీసుకెళ్తారు. విషమిస్తే కాకినాడో, రాజమహేంద్రవరమో వెళ్లాలి. ఎక్కువ డబ్బు ఐసీయూ, వెంటిలేటర్ రోజులకే అవుతుంది. తోడున్నవారు పోగొట్టుకున్న కూలి, భోజనాలు, రానుపోను ఖర్చులు ఏ బిల్లులోనూ కనబడవు. నగలు తాకట్టుకు వెళ్తాయి. అప్పుల బాధతో ప్రాణం మీదికి తెచ్చుకున్న ఇంట్లో మరో అప్పు చేరుతుంది.

భయం ఈ ఖర్చును ఇంకా పెంచుతుంది. పోలీసు కేసవుతుందని కొందరు ప్రభుత్వాసుపత్రికి వెళ్లరు, జరిగింది డాక్టరుకు చెప్పరు. దాంతో సరైన వైద్యం ఆలస్యమవుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, అలా ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, వైద్యం, పునరావాసం ప్రభుత్వ బాధ్యత. పోలీసు కేసుల్లోనైనా ముందు ప్రాణం కాపాడాలని 1989లో సుప్రీంకోర్టు పరమానంద కటారా కేసులో చెప్పింది.

అందుకే వెంటనే 108కి ఫోన్ చేయండి. డాక్టరుకు నిజం చెప్పండి. ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటిరోజే అడగండి. డిశ్చార్జికి ముందు మానసిక వైద్యునికి చూపించండి. మనసు కుంగినవారు టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రాణం అల్లాహ్ మనకిచ్చిన అమానతు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరాలో పేర్కొన్న ఎనిమిది జకాత్ పద్దుల్లో అప్పుల్లో కూరుకుపోయినవారూ ఉన్నారు. ఆసుపత్రి అప్పు తీర్చలేని కుటుంబం ఆ కోవలోకే వస్తుందని మేము భావిస్తున్నాం. తిరిగి తీర్చుకోగలవారికి వడ్డీలేని కర్జె హసనా ఇవ్వవచ్చు. సాయమేదైనా గుట్టుగా సాగాలి. సభలో పేరు చదవవద్దు, ఫోటో తీయవద్దు.

వైద్య సహాయం కోరే అర్జీలో కారణం "కడుపునొప్పి" అని రాసి ఉంటే మేము మరో ప్రశ్న వేయం. బిల్లు చూస్తాం, చేతనైనంత కడతాం. నెల తర్వాత ఒకసారి ఆ ఇంటికి వెళ్లి సలాం చెప్పి కూర్చుంటాం. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే మీరూ వెళ్లి కూర్చోండి.