సామర్లకోట డాక్టరుగారి ఉత్తరాలు

రైల్లో ఉత్తరాలు విడదీసే ఆర్‌.ఎం.ఎస్‌. సార్టరుగా విశాఖపట్నం, విజయవాడల మధ్య ఉద్యోగం చేశాను. సంచి మూతి తాడుతో బిగించి, లక్క కరిగించి పోసి, దాని మీద ఇత్తడి ముద్ర నొక్కడం మా రోజువారీ పని. లక్క పురుగు నుంచి వస్తుందని వినడమే గాని, అంతకు మించి ఎరగను. ఆ పురుగు పుట్టడం కళ్లారా చూసి రాసిన ఉత్తరమొకటి రెండు వందల ఏళ్ల కిందట మా సెక్షన్‌లోని సామర్లకోట నుంచే వెళ్లిందని, రిటైరయి ఏలూరులో స్థిరపడ్డాక చదివి తెలుసుకున్నాను.

1789 నవంబరు 20న సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ అనే డాక్టరుకు కొండల మీంచి కొన్ని కొమ్మలు తెచ్చిచ్చారు. వెలుతురు చెట్టు కొమ్మలవి. వాటికి పచ్చి లక్క అంటుకొని ఉంది. ఆయన వాటిని వెడల్పు మూతి గాజు సీసాల్లో పెట్టి, గాలి ఆడేలా పైన కప్పి ఉంచాడు. పద్నాలుగు రోజులు గడిచాయి. డిసెంబరు 4న చూస్తే లక్క మీదా కొమ్మల మీదా కంటికి ఆనీ ఆనని పురుగులు లెక్కలేనన్ని పాకుతున్నాయి. చూసిన రోజే కాగితం ముందేసుకొని రాయడం మొదలుపెట్టాడు. అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలోనూ వచ్చింది.

రాక్స్‌బర్గ్‌ది స్కాట్లండ్. ఎడిన్‌బరోలో వైద్యంతో పాటు వృక్షశాస్త్రం నేర్చుకొని, 1776లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసులో దిగాడు. 1781లో సామర్లకోట దండుకు వచ్చాడు. అక్కడ తోట వేసి మిరియాలు, నీలిమందు, కాఫీ లాంటివి పెంచి చూశాడు. అయితే ఆయన ఒంటరిగా పనిచేయలేదు. స్వీడన్‌లో లినేయస్ దగ్గర చదువుకున్న కోనిగ్ 1768లో తరంగంబాడి డేనిష్ మిషన్‌కు డాక్టరుగా వచ్చి, గురువుగారికి ఇక్కడి మొక్కల గురించి రాస్తుండేవాడు. విశాఖపట్నంలో పాట్రిక్ రస్సెల్ పాముల మీద, చేపల మీద పనిచేశాడు. రక్తపింజరిని ఇంగ్లిషులో ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. వీళ్ల ఉత్తరాల్లో చాలావరకు చివరికి చేరేది లండన్‌లో జోసెఫ్ బ్యాంక్స్ ఇంటికి. బ్యాంక్స్ నలభై ఏళ్లకు పైగా రాయల్ సొసైటీ అధ్యక్షుడు. కోనిగ్ 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే. తన కాగితాలన్నీ బ్యాంక్స్‌కే చెందాలని కోనిగ్ రాసిపెట్టాడు.

నాకు ఆసక్తి కలిగించింది ఆ ఉత్తరాల నడక. మద్రాసులో పెద్ద పోస్టాఫీసు 1786 జూన్ 1న తెరిచారు. అక్కడి నుంచి మూడు టపా మార్గాలు వెళ్లేవి. అందులో ఉత్తరపు మార్గం కోస్తా పొడవునా గంజాం దాకా పోయేది. టపా మోసింది కాలినడకన పరిగెత్తే మనుషులు. గోదావరి, కృష్ణ దాటడమంటే పడవే. మద్రాసు చేరాక ఓడ కోసం కాచుకోవాలి. ఓడెక్కాక ఆఫ్రికా కొస చుట్టి లండన్ చేరడానికి అయిదారు నెలలు. ఇక్కడ ఒక సందేహం అడిగితే జవాబు వచ్చేసరికి ఏడాది దాటేది. ఈ లోపు అడిగినవాడు బదిలీ కావచ్చు, చనిపోనూవచ్చు.

అందుకే ఆ ఉత్తరాలు అంత నిండుగా ఉంటాయని నాకు అనిపిస్తుంది. మళ్లీ అడిగే వీలు లేదు గనుక మొదటిసారే అన్నీ చెప్పాలి. చెట్టు ఎక్కడ దొరికింది, ఏ నేలలో పెరుగుతుంది, ఎప్పుడు పూస్తుంది, పువ్వులో ఏవి ఎన్ని ఉన్నాయి, ఊళ్లో ఏమంటారు, దేనికి వాడతారు... అన్నీ రాసేవారు. కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టిన కొమ్మ, గింజలు, రంగుల బొమ్మ తోడు వెళ్లేవి. దారిలో తేమ, ఉప్పుగాలి, చెదలు, ఎలుకలు. ఇక్కడ ఉప్పెనలు. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ముంచిన తుఫానులో రాక్స్‌బర్గ్ పుస్తకాలు, కాగితాలు నీళ్లపాలయ్యాయి. ఏళ్ల శ్రమ అది. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

ఆ శ్రమ ఫలితమే 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే పుస్తకం. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా వచ్చింది. మొత్తం 300 చిత్రాలు. సామర్లకోట నుంచి వెళ్లిన వాటిలోంచి ఏవి అచ్చువేయాలో ఎంచింది బ్యాంక్స్. అందులో మన తాడిచెట్టు ఉంది. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకు ఆ బొమ్మ చూపిస్తే వివరణ అక్కర్లేదు. ఆకు మడతలు, కాయ కోత అంత సరిగ్గా ఉంటాయి. ఆ బొమ్మలు వేసింది ఇక్కడి చిత్రకారులు. వాళ్ల పేర్లు పుస్తకంలో లేవు. ఇది పెద్ద అన్యాయమని నా అభిప్రాయం. కొండ మీంచి కొమ్మ తెచ్చినవాడి పేరు లేదు. మందు చెప్పిన వైద్యుడి పేరూ లేదు.

ఆ పుస్తకంలో నన్ను కదిలించింది చిరుత ఈత గురించిన పేజీ. సముద్రపు వార ఇసుక నేలల్లో పొదలా పెరిగే పొట్టి ఈత అది. 1791-92 నాటి కరువులో బియ్యం ధర పేదవాడికి అందలేదు, ఒక్కోసారి అసలు దొరకనే లేదు. అప్పుడు జనం ఈ ఈత మొదలు కొట్టి, ఆరెనిమిది చీలికలు చేసి, ఎండబెట్టి, చెక్క రోళ్లలో దంచేవారు. పీచు నుంచి పిండి విడిపోయేదాకా దంచి, జల్లించి, చిక్కటి గంజిలా కాచుకు తాగేవారు. సగ్గుబియ్యమంత సత్తువ లేదు, రుచీ లేదు. అయినా ఎన్నో ప్రాణాలు నిలబెట్టిందని రాక్స్‌బర్గ్ రాశాడు. అప్పటికి గోదావరికి ఆనకట్ట లేదు. ఇవాళ పచ్చగా కనిపించే మన పల్లెలు అప్పుడు వాన మీదే ఆధారపడి బతికాయి. ఆ కరువు కళ్లారా చూశాకే, ఆకలి తీర్చే చెట్లు నాటించాలని ఆయన కంపెనీ పెద్దలకు రాశాడు.

నరసాపురం అవతల సముద్రపు వార ఊళ్లో ఉండే మా పెద్దమ్మను ఈ సంగతి అడిగాను. "చాపలల్లుకోవడం తెలుసురా అబ్బాయ్, తినడం మా అమ్మ కూడా చెప్పలేదు" అంది. ఆకులతో చాపలు అల్లడం కూడా రాక్స్‌బర్గ్ పేజీలో ఉంది. తిండి సంగతి మాత్రం ఆమె దాకా రాలేదు.

కంపెనీ ఈ పనికి డబ్బు పెట్టింది దయతో కాదు. మిరియాలు, నీలిమందు, అద్దకపు రంగులు, మందు బెరళ్లు, వీటిలో లాభం ఉంటుందనే. మన వాళ్ల తెలివి ఓడలెక్కి పోయింది, కీర్తి వేరేవాళ్లకు దక్కింది. అయినా ఆ డాక్టర్లు అంత ఓపికగా రాయకపోతే చిరుత ఈత గంజి సంగతి ఇవాళ మనకు తెలిసేది కాదు. ఈ రెండు మాటలూ నిజమే, ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. సామర్లకోటకు వచ్చిన బెంజమిన్ హేన్ 1814లో అచ్చువేసిన పుస్తకంలో ఏలూరుకు పడమటనున్న మల్లవల్లి వజ్రపు గనుల గురించి కూడా రాశాడు. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మలు రెండున్నర వేలకు పైగా కలకత్తాలోనూ లండన్ దగ్గర క్యూ తోటలోనూ ఉన్నాయి.

ఆ డాక్టర్ల కాలంలో మా ఏలూరు పక్కన కొల్లేటిలో గుర్రపుడెక్క లేదు. ఇప్పుడు చాలాచోట్ల అదే కనిపిస్తోంది. దాని కింద ఏ నీటిమొక్కలు మిగిలాయో లంకల్లో పడవ నడిపే పెద్దవాళ్లకు ఇంకా తెలుసు. 'కోరమాండల్ తీరపు మొక్కలు' ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కాలేజీల్లో బోటనీ చెప్పే మాస్టార్లకు నా మనవి ఒకటే. నాలుగు బొమ్మలు ప్రింటు తీయించి, పిల్లల్ని కొల్లేటి గట్టుకు, ఆ పెద్దవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. మొక్క పేరు, ఊరు, తేదీ, వాడకం రాయించండి. చెప్పిన మనిషి పేరు కూడా తప్పకుండా రాయించండి. హైదరాబాదులో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం ఉంది. రాసినవి అక్కడికి పంపండి.