సలాలాకు ఈసారి ఎందరొస్తారు? వెతుకులాట చెప్పే లెక్క

పిల్లలూ! ఊళ్ళో తాతయ్య "ఈ ఖరీఫ్‌లో వరి వేశాం" అనడం మీరు వినే ఉంటారు. ఇక్కడ అమ్మానాన్నలు "ఖరీఫ్‌కి సలాలా వెళ్దాం" అంటారు. రెండూ ఒకే మాట! అరబిక్‌లో ఖరీఫ్ అంటే శరదృతువు. మన దగ్గర అది వానాకాలపు పంటకు పేరైంది. ఒమాన్‌లో సలాలా జల్లుల కాలానికి పేరైంది.

జూన్ 21 నుంచి సుమారు మూడు నెలలు మస్కట్ ఎండకు మాడుతుంటే, దోఫార్ కొండలు పచ్చగా, మంచు కప్పుకుని ఉంటాయి. వాదీ దర్బాత్, ఐన్ అథూమ్, ఇత్తీన్ మైదానం జనంతో నిండిపోతాయి. ప్రభుత్వ గణాంక కేంద్రం లెక్క ప్రకారం 2022లో సుమారు 8 లక్షల 13 వేల మంది, 2023లో 9 లక్షల 62 వేల మంది వచ్చారు. 2024లో ఆ సంఖ్య 10 లక్షలు దాటింది.

ఇంతమంది వస్తారని ముందే తెలియకపోతే ఏమవుతుంది? మస్కట్ నుంచి సుమారు వెయ్యి కిలోమీటర్లు కారులో వెళ్ళిన కుటుంబానికి గది దొరకదు. అలిసిపోయిన నాన్నగారు మంచులో మళ్ళీ కారు నడపాలి. అంబులెన్సులు, తాగునీరు, చెత్త ఎత్తే మనుషులు అన్నీ చాలకుండా పోతాయి. అందుకే ముందుచూపు కావాలి.

ఇప్పుడు ఆలోచించండి. ప్రయాణానికి ముందు మనం ఏం చేస్తాం? "సలాలా హోటల్", "సలాలా వాతావరణం" అని గూగుల్‌లో వెతుకుతాం. అంటే, కాలు బయట పెట్టకముందే మన ఆలోచన అక్కడ నమోదవుతుంది! 2006లో వచ్చిన గూగుల్ ట్రెండ్స్‌లో ఈ వెతుకులాట ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో ఎవరైనా చూడవచ్చు. అన్నిటికన్నా ఎక్కువ వెతికిన వారానికి 100 మార్కులు వేసి, మిగతా వారాలను దానితో పోల్చి చూపుతుంది. 50 అంటే 50 మంది అని కాదు, అందులో సగం అని అర్థం.

లెక్క ఎలా వేస్తారు? గత సంవత్సరాల వెతుకులాటనూ, నిజంగా వచ్చిన జనాన్నీ వారం వారం పక్కపక్కన పెడతారు. వెతికిన ఎన్ని వారాలకు జనం వచ్చారో గమనిస్తారు. మూడు వారాలు అనుకుందాం. అప్పుడు ఈ వారం వెతుకులాటను బట్టి మూడు వారాల తర్వాతి రద్దీని అంచనా వేయవచ్చు. 2009లో హాల్ వేరియన్, హ్యున్‌యంగ్ చోయ్ అనే ఆర్థికవేత్తలు హాంకాంగ్ వచ్చే యాత్రికుల విషయంలో ఇలాంటి పద్ధతినే పరీక్షించి చూపారు.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్తాం కదా! కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. అన్ని మెతుకులూ ఒకేలా ఉండవు. 2018 మే నెలలో మెకును తుఫాను సలాలాను తాకింది. అలాంటప్పుడు ఆ ఊరి పేరు వెతికే వారంతా విహారానికి వచ్చేవారు కారు, అక్కడున్న తమవారి క్షేమం కోసం ఆరాటపడేవారూ ఉంటారు. పైగా సలాలాకు వచ్చేవారిలో ఎక్కువమంది ఒమానీలే, కాబట్టి ఇంగ్లీషు మాటలు మాత్రమే చూస్తే లెక్క తప్పుతుంది. అరబిక్‌లో వెతికినవీ చూడాలి. గూగుల్ వారే ఇలా ఫ్లూ జ్వరాన్ని అంచనా వేయబోయి, 2012-13 చలికాలంలో ఉన్నదానికన్నా చాలా ఎక్కువ చెప్పారు.

కాబట్టి వెతుకులాట ఒక సూచన మాత్రమే. హోటల్ బుకింగులు, విమాన టికెట్లు, నిరుటి లెక్కలతో దాన్ని సరిచూసుకోవాలి.

ఈ సెలవుల్లో అమ్మానాన్నల పక్కన కూర్చుని గూగుల్ ట్రెండ్స్‌లో "సలాలా" అని ఇంగ్లీషులోనూ, అరబిక్‌లోనూ వెతకండి. గీత ఏ నెలలో పైకి లేస్తోందో చూడండి. ఆ తర్వాతే గది బుక్ చేయమనండి!