పుస్తకములకును ఋతువులు

పుస్తకమును ఏ మాసముననైనను వ్రాయవచ్చును; అమ్ముటకు మాత్రము అన్ని మాసములును పనికిరావు. స్వంత ధనము వెచ్చించి అచ్చు వేయించుకొను గ్రంథకర్తకు ఈ సంగతి మొదటి పుస్తకముతోడనే తెలియును. తెలియునప్పటికి ముద్రాలయమునకు సొమ్ము చెల్లించుటయు ముగిసియుండును. ఖమ్మము మొదలు భద్రాచలపు అడవి అంచు వఱకు నివసించు రచయితలకు ఈ కష్టము మఱింత అధికము.

కారణము దూరమున లేదు. ఈ ప్రాంతమున చేతిలో డబ్బాడుట పంటను బట్టి యుండును. ఖమ్మము మార్కెట్టు యార్డునకు మిరపకాయ విరివిగా వచ్చునది మాఘ ఫాల్గుణములలో. అడవి పల్లెలలో కోయ కుటుంబములకు తునికాకు డబ్బు వేసవిలో గాని రాదు. జూన్ రాగానే రైతు విత్తనములకును ఎరువులకును అప్పు చేయును. అదే నెలలో పిల్లల బడి ఖర్చులు మీద పడును. అట్టి యింటి గడప యెక్కి కవితాసంపుటి కొనుడని యడుగుటకు మాకే నోరాడదు. పిమ్మట గోదావరి పొంగును. భద్రాచలము వద్ద 1986లో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71 అడుగులకు పైగాను నీరు చేరినది. ఆ దినములలో దుమ్ముగూడెము, చర్ల దారులలో మనుష్యులకే రాకపోకలు కష్టము. ఇక పుస్తకముల కట్టల మాట చెప్పనేల? రైలును నది దాటి రాదు. భద్రాచలం రోడ్డు అను పేరుగల స్టేషను ఉన్నది కొత్తగూడెములో!

మా మిత్రుడొక యుపాధ్యాయుడు వేసవి సెలవులలో తన కథలను పూర్తిచేసి జూన్‌లో అయిదువందల ప్రతులు వేయించెను. ఆవిష్కరణనాడు నలువది ప్రతులు పోయినవి. అందు సగము ఉచితము. (ఉచితముగా పుచ్చుకొన్నవారే వేదికపై అధికముగా ప్రశంసించుట మన సభల వింత.) మిగిలిన కట్టలు వానకాలమంతయు మంచము క్రింద చెమ్మగిల్లినవి. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనకును, జనవరి మొదట విజయవాడ పుస్తకమహోత్సవమునకును తీసికొనిపోవునప్పటికి అట్టలు వంగియుండెను. అంగడివాడొకడు సగము ధర కడిగెను. ఆయన యిచ్చివేసెను.

భద్రాచలమునకు వేఱు పంచాంగము. ముక్కోటి ఏకాదశికిని శ్రీరామనవమికిని జనము విరగబడును. అప్పుడు దేవాలయపు టంగళ్లలో నమ్ముడుపోవునవి రామదాసు కీర్తనల చిన్న పుస్తకములు, స్థలపురాణములు. ఆ కంచెర్ల గోపన్న మన నేలకొండపల్లి వాడే. ఆయనకు ప్రతిఫల మీయ నక్కఱలేకపోవుట ప్రకాశకులకు మహాసౌకర్యము! జీవించియున్న రచయితకును అచ్చట చోటు లేకపోలేదు. కాని పుస్తకము చిన్నదిగను, చవుకగను, యాత్రికుని సంచిలో ప్రసాదపు పొట్లము ప్రక్కన నిముడునదిగను ఉండవలెను. నాలుగువందల పుటల నవలకు తిరునాళ్లు పనికిరావు.

పూర్వులకును ఈ చిక్కు కలదు. 1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలికి చందాదారులే బలమైరి. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకములను స్వయముగా మోసికొని ఊరూర తిరిగి యమ్మెను. మొదటి పద్ధతిలో డబ్బు ముందు వచ్చును. రెండవదానిలో పాఠకుడున్న చోటికి పుస్తకమే పోవును. నేటి రచయిత యీ రెంటిని కలుపవచ్చును. మిరప డబ్బు చేతనున్నప్పుడు చందా లడిగి, వానలలో నింట గూర్చున్న చదువరికి టపాలో గ్రంథము పంపవచ్చును. 2025 మే 1 నుండి తపాలాశాఖ జ్ఞాన్ పోస్ట్ అను సేవను ఆరంభించినది. 300 గ్రాముల లోపు పొట్లమునకు 20 రూపాయలు, పన్ను అదనము.

గ్రంథాలయ సంస్థలకు మా మనవి యొక్కటి. కొనదలచిన నాలుగు ప్రతులనైనను ఆషాఢ భాద్రపదముల నడుమ కొని, సొమ్మును వెంటనే చెల్లింపుడు. ఆ రోజులలో రచయితకు ఇతర గిరాకి యుండదు. ప్రతులు చెమ్మకును బలియగుచుండును.

మా యుపాధ్యాయ మిత్రుని రెండవ గ్రంథము సిద్ధమైనది. ఈ మారు ఆయన ముద్రాలయమునకు పోలేదు. చిన్న నోటుపుస్తకముతో మిరప యార్డు చుట్టును తిరుగుచున్నాడు. ఇప్పటికి అఱువదిమూడు చిరునామాలు చేరినవి. రెండు వందలు కానిదే అచ్చుకీయడట.