కీబోర్డు మోగుతోంది, సంఘం పాడుతోందా?



చిత్తూరు పట్టణంలోని పెద్ద చర్చిలో గాని, కాణిపాకం చుట్టుపక్కల పల్లెల్లోని రేకుల మందిరంలో గాని నేడు ఆరాధన అంటే కీబోర్డు ఉండాల్సిందే. మన యౌవనస్థులు దానిని శ్రద్ధగా నేర్చుకోవడం చూసి మేము సంతోషిస్తున్నాము. అయితే అందులోని డిజిటల్ ఎఫెక్టుల దగ్గరకు వచ్చేసరికి పెద్దలకు, యువకులకు మాట కలవడం లేదు. ముందుగా ఆ బటన్లు ఏమి చేస్తాయో ఇరువురూ తెలుసుకోవడం మంచిది.

పెద్ద రాతి కట్టడంలో చప్పట్లు కొడితే ఆ శబ్దం గోడలకు, పైకప్పుకు తగిలి కాసేపు నిలిచి ఉంటుంది. ఆ నిలకడను లెక్కల ద్వారా కల్పించేది రివర్బ్. వాయించిన స్వరాన్ని దాచి, కొన్ని వందల మిల్లీసెకన్ల తరువాత మళ్లీ వినిపించేది డిలే. ఒకే స్వరానికి శ్రుతి కొద్దిగా మారిన నకళ్లను కలిపి, పలువురు వాయిస్తున్నట్లు చేసేది కోరస్.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, సిమెంటు గోడలు, రేకుల కప్పు ఉన్న మన మందిరాల్లో ప్రతిధ్వని ముందే ఉంటుంది. దానిపై కీబోర్డు రివర్బ్, ఆపైన మిక్సర్‌లో మైకుకు పెట్టిన ఎకో కలిస్తే అచ్చులు సాగుతాయి, హల్లులు మునిగిపోతాయి. రాగం వినబడుతుంది గాని మాట వినబడదు. పాటల పుస్తకం చదవలేని అవ్వ వెనుక వరుసలో కూర్చుని, విని నేర్చుకుని పాడుతుంది. ఆమెకు పాటలోని మాటే వాక్యం. అది అందనప్పుడు ఆమె నోరు మూసుకుంటుంది. అలా సంఘం కొద్దికొద్దిగా ప్రేక్షకులుగా మారుతుంది.

తాళం సంగతి కూడా ఆలోచించాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల పైన రాగము, తాళము ముద్రించి ఉంటాయి. కీబోర్డులోని రెడీమేడ్ స్టైళ్లలో ఎక్కువ భాగం నాలుగు దెబ్బలవి. ఆది తాళానికి అవి సరిపోవచ్చు. ఏడు అక్షరాల మిశ్రచాపును వాటిలో బిగిస్తే మాట మధ్యలో తెగుతుంది. అప్పుడు స్టైల్ ఆపి చేతితో వాయించడమే మేలు. గమకం కావాలంటే పిచ్ బెండ్ చక్రాన్ని మెల్లగా వాడవచ్చు.

ఏ వాయిద్యమూ తనంతట తాను పవిత్రమైనది కాదు, అపవిత్రమైనదీ కాదు. నేడు పెద్దలు ఎంతో ప్రేమించే హార్మోనియంను, గమకాలు పలకదన్న అభ్యంతరంతో 1940లో ఆలిండియా రేడియో నిషేధించింది. 1971లో గాని ఆ కట్టు సడలలేదు. కాబట్టి కొత్తదన్న కారణంతో కీబోర్డును తోసిపుచ్చనక్కర లేదు. అపొస్తలుడైన పౌలు 1 కొరింథీయులకు 14వ అధ్యాయంలో పిల్లనగ్రోవిని, వీణను, బూరను ఉదాహరణగా తీసుకుని, వినేవారికి స్పష్టత ఉండాలని బోధించాడు. మనకు కొలత అదే.

వాయించే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మా సలహాలు ఇవి. మొదట ఎఫెక్టులన్నీ ఆపి పల్లవి వాయించండి. ఒకరిని చివరి వరుసలో నిలబెట్టి, ప్రతి మాటా తెలుస్తోందా అని అడగండి. తెలిసిన తరువాతే రివర్బ్ కొంచెం పెంచండి. ఖాళీ మందిరంలో కుదిరిన కొలత ఆదివారం కుదరదు, ఎందుకంటే మనుషులు, వారి బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. అందుచేత జనం కూడాక మరల సరిచూడండి. డిలే వాడితే పాట నడకకు కలపండి. నిమిషానికి 80 దెబ్బల పాటలో ఒక దెబ్బకు 750 మిల్లీసెకన్లు. ఈ లెక్క తప్పితే సంఘం తడబడుతుంది. ప్రసంగానికి ముందు మైకు ఎకో తీసివేయడం మరువకండి.

ప్రార్థన వేళ వెనుక మోగించే ప్యాడ్ ధ్వని విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆ ధ్వని కంట తడి పెట్టించగలదు గాని పశ్చాత్తాపం పుట్టించలేదు. అది పరిశుద్ధాత్మ కార్యం. అప్పుడప్పుడు కీబోర్డును పూర్తిగా ఆపి, ఒక చరణం సంఘాన్ని ఒంటరిగా పాడనివ్వండి. ఆ చరణంలో గొంతులు నిండుగా వినిపిస్తే మీ వాయిద్యం తన సేవ చేసినట్లే.

పెద్దలారా, గద్దించే ముందు ఆ బిడ్డల పక్కన కూర్చుని వినండి. ప్రభువు మన సంఘముల నోట స్పష్టమైన స్తుతిని ఉంచును గాక. ఆమేన్.