లెక్కల పుస్తకంలో సత్యం

హైదరాబాదు నగరానికి తూర్పున ఉప్పల్, నాచారం పారిశ్రామిక వాడలు ఉన్నవి. అక్కడి చిన్న కర్మాగారాలలో అనేకం పెద్ద కంపెనీలకు సరకు తయారుచేసి అరువుమీద పంపుతూ ఉంటవి. డబ్బు వస్తుందన్న నమ్మకమే ఆ చిన్న యజమానికి మూలధనం. అది సకాలంలో రాకపోతే నెల తిరిగేసరికి కార్మికుల జీతాలకు తడుముకోవలసి వస్తుంది. వ్యాపారనీతి అనే పెద్దమాటకు నిత్యజీవితంలో అర్థం ఇదే: ఒకరి మాట నమ్మి మరొకరు బ్రతుకు సాగించడం.

తన సొమ్ముతో దుకాణం నడుపుకొనేవాడు చిట్టాలో తప్పు వ్రాసుకుంటే ముందుగా మోసపోయేది తానే. కంపెనీ సంగతి వేరు. అక్కడ సొమ్ము వేలాది వాటాదారులది, నడిపేవారు కొందరే. ఈ ఇరువురి నడుమ వంతెన లెక్కల పుస్తకం. అది కూలితే ఏమవుతుందో హైదరాబాదు 2009లో చూచినది.

1987లో ఈ నగరంలో స్థాపితమైన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకటిగా ఎదిగినది. సంస్థను చక్కగా పాలించినందుకు 2008లో గోల్డెన్ పీకాక్ పురస్కారం కూడ పొందినది. ఆ డిసెంబరులోనే, చైర్మన్ రామలింగరాజు కుటుంబానికి సంబంధించిన మేటాస్ కంపెనీలను సత్యం సొమ్ముతో కొనడానికి డైరెక్టర్ల బోర్డు అంగీకరించినది. వాటాదారులు భగ్గుమనగా ఆ ప్రతిపాదనను వెంటనే విరమించుకొన్నారు. 2009 జనవరి 7న రాజుగారే లేఖ వ్రాసి గుట్టు విప్పినారు: లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవు! మొదట స్వల్పంగా ఉన్న తేడా ఏటేటా పెరిగిపోయినదని ఆ లేఖ సారాంశం. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం ఆయనతో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించగా, వారు అప్పీలుకు వెళ్ళినారు.

బోర్డులో ప్రసిద్ధ ఆచార్యులున్నారు, ఆడిటర్లున్నారు, పురస్కారమున్నది. మరి అబద్ధం అన్ని సంవత్సరాలు ఎట్లా నిలిచినది? బ్యాంకులో సొమ్ము ఉన్నదా అని నేరుగా బ్యాంకునే అడిగి గట్టిగా సరిచూచుకొనేవారు లేకపోవడం ఒక ముఖ్యకారణం. జవాబుపత్రం చదవకుండా మార్కులు వేయడం వంటిదే ఇది.

2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలలో ఆడిటర్లను నియమితకాలం తరువాత మార్చవలెనని విధించినది. చిన్న పరిశ్రమల బాకీలను 45 రోజులకు మించకుండా చెల్లించవలెననీ, ఆలస్యమైతే చక్రవడ్డీ ఇవ్వవలెననీ 2006 నాటి చట్టం చెబుతున్నది. చట్టాలు అవసరమే. కాని అవి మేలుకొనేది తప్పు జరిగిన తరువాతనే గదా!

పెట్టుబడి కొరత గల దేశంలో ఒక పెద్ద అబద్ధానికి పరిహారం చెల్లించేది అబద్ధమాడినవారొక్కరే కాదు. మదుపుదారు జంకుతాడు, బ్యాంకు అనుమానిస్తుంది, నాచారంలో నిజాయితీగా లేతుయంత్రం నడుపుకొనేవానికి కూడ అప్పు పుట్టడం కష్టమవుతుంది. తేడా స్వల్పంగా ఉన్నప్పుడే దానిని ఒప్పుకొనే ధైర్యం కావలెను. ఆ అలవాటు బోర్డు గదిలో పుట్టదు; బడిలోనే పడవలెను. రేపు లెక్కలు వ్రాసేవారూ, వాటిని సరిచూచేవారూ నేటి విద్యార్థులే.