ఒక చిన్న క్రియ - ఆఱువందల యర్థములు

ఆంగ్లభాష నేర్వబూనిన బాలునకు మొదటి పాఠములలోనే ఎదురగు క్రియ ‘రన్’. ఉపాధ్యాయుడు ‘పరుగెత్తుట’ యని యర్థము చెప్పును, బాలుడు వల్లించును, పని ముగిసినదని యిరువురును తలతురు. నిజమునకు పని యప్పటికింకను మొదలు కాలేదు. ఆక్స్‌ఫర్డు నిఘంటువు సంపాదకులలో నొకరైన పీటర్ గిల్లివరుగారు ఈ యొక్క క్రియతో తొమ్మిది మాసములు కుస్తీపట్టిరి. వారు తేల్చిన యర్థభేదములు 645 అని 2011 సంవత్సరమున వెల్లడియైనది. 1928 లో పూర్తియైన తొలికూర్పునందు మిక్కిలి దీర్ఘమైన ప్రకరణము ‘సెట్’ అను క్రియది. ఆ యగ్రపీఠము నేడు ‘రన్’ను వరించినది.

మనుష్యుడు పరుగెత్తును, నది ప్రవహించును, యంత్రము తిరుగును, రైలు నడచును, ముక్కు కారును, బట్టకు వేసిన రంగు దిగును, నాటకము నూఱు దినములాడును, వర్తకుడు అంగడి నడపును. ఇన్ని పనులకును ఆంగ్లమున నీ యొక్క మాట చాలును. ఎన్నికలలో మాత్రము ఆంగ్లేయ అభ్యర్థి ‘నిలుచును’. అమెరికా అభ్యర్థి ‘పరుగెత్తును’. మన అభ్యర్థి నిలిచిన పిమ్మటనే యూరెల్ల పరుగెత్తుట పాఠకు లెఱిగినదే.

ఇంత సంపద ఎక్కడనుండి వచ్చినది? ప్రాచీనాంగ్లమున ఈ క్రియకు ‘రిన్నన్’ అను రూపమును, అక్షరములు తారుమారైన ‘ఇర్నన్’ అను రూపమును ఉండెను. దానికి ఉత్తరదేశపు ఓడలపై వచ్చి ఇంగ్లండున స్థిరపడిన స్కాండినేవియనుల పలుకుబడి తోడ్పడినది. పూర్వము తాను పరుగెత్తుటకు ఒక క్రియయు, ఇతరమును పరుగెత్తించుటకు వేఱొక క్రియయు నుండగా, కాలక్రమమున రెండును ఒక్కటియైనవి. జర్మనుభాషలో నేటికిని నీరు కారుటకు ‘రిన్నెన్’, మనిషి పరుగెత్తుటకు ‘రెన్నెన్’ అని రెండు మాటలు నిలిచియున్నవి. మనకు ‘నడచు’, ‘నడపు’ వేర్వేఱు. ఆంగ్లమున నా భేదము మాటలో లేదు. వాక్యమును చూచి తెలిసికొనవలసినదే.

ఇది విని మన భాషకు ఇట్టి శక్తి లేదని చిన్నబోవువారున్నారు. వారు ‘పాఱు’ అను మన క్రియను ఒక్కసారి తలచుకొందురు గాక. దొంగ పాఱిపోవును; కాలువలో నీరు పాఱును. పరుగును ప్రవాహమును ఒకే మాటలో నిమిడినవి. పొలమునకు నీరు పెట్టుట పాఱుదల. జూదరి పాచిక పాఱును. అది పాఱనినాడు రాజకీయవేత్త యుక్తి ఫలింపలేదనియు అదే మాటతో చెప్పుదుము. ఆకాశము ఎఱ్ఱబాఱును, ఇనుము నల్లబాఱును, కత్తి మొద్దుబాఱును. ఇచట ‘పాఱు’నకు ‘అగు’ అనియే యర్థము. ఆంగ్లేయుడును నుయ్యి ఎండిపోయినపుడు ‘రన్ డ్రై’ యనును. ఎవరు ఎవరివద్దను నేర్వలేదు. పాఱు నీటిని కనులార చూచిన రెండు జాతులు విడివిడిగా ఒకే త్రోవ త్రొక్కినవి.

ఇది పండితుల వినోదము మాత్రమే యనుకొనరాదు. కౌలుపత్రమున ‘ఇంకను పదేండ్లు రన్ కావలసియున్నది’ అని యుండినచో, పదేండ్ల గడువు మిగిలియున్నదని భావము. బ్యాంకుపై ‘రన్’ యనగా, సొమ్ము దాచుకొన్నవారందఱు ఒక్కుమ్మడిగ దానిని తీసికొన నెగబడుట. లండనునగరమున లీస్టరు చతురస్రమను చోటనున్న తోట, దానిని తోటగనే యుంచవలెనను షరతుతో 1808 లో విక్రయింపబడెను. పిమ్మట ఆ షరతు నెఱిగియే కొన్న యొకడు అందు కట్టడములు లేపబూనగా, 1848 లో న్యాయస్థానము వానిని నివారించెను. ఇట్టి కట్టుబాట్లు భూమితో ‘రన్’ అగునని ఆంగ్లన్యాయవాదుల వాడుక. భూమి చేతులు మాఱినను షరతు దాని వెంటనే పోయి క్రొత్త యజమానిని బంధించునని తాత్పర్యము. దీనిని ‘భూమితో పరుగెత్తును’ అని తెనిగించినచో నవ్వుదుము. అర్థము కాక విడిచివేసినచో, ఆ పత్రమును నమ్మి భూమి కొన్నవాడు నవ్వలేడు.

కావున అనువాదకులకు మా విన్నప మొక్కటే. నిఘంటువునందలి మొదటి యర్థముతో తృప్తిపడక, ఆ సందర్భమున మన రైతు, మన వర్తకుడు ఏ మాట వాడునో విచారింపుడు. ఆంగ్లేయులు తమ మాటలను కూర్చుకొన్న విధమును గమనింపుడు. 1879 లో సంపాదకుడైన జేమ్స్ మరే సామాన్యపాఠకులకు బహిరంగముగ విజ్ఞప్తి చేసెను. వేలకొలది జనులు తాము చదివిన గ్రంథములనుండి ప్రయోగములను చీటీలపై వ్రాసి పంపిరి. నిఘంటువు పండితుల పేరబరగినను, దాని పునాది ప్రజల చేతిది.

మనకును శుభారంభము లేకపోలేదు. 1885 నాటి శబ్దరత్నాకరము కావ్యభాషకు దారిదీపమైనది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962 లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలిసంపుటము రైతుల నోటినుండి వ్యవసాయపదములను ఏఱి తెచ్చినది. చిన్న క్రియలకును అట్టి సేవయే కావలెను. పట్టు, పెట్టు, కొట్టు, తీయు, పాఱు అనునవి యేయే సీమలో ఏయే పనులు చేయుచున్నవో చదువరులు తమ యింటిలోని పెద్దలను అడిగి వ్రాసియుంచవలెను. పెద్ద మాటలు పుస్తకములలో పదిలముగనే యున్నవి. చిన్న మాటలకు నోరే గూడు. ఆ నోరు మూతపడిన పిమ్మట వెదకినను దొరకవు.