ఊయల వదులైనప్పుడు

గట్టిగా దగ్గినా, కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తోటల్లో మామిడికాయల గంప ఎత్తినా నాలుగు చుక్కలు ఒంటేలు పడిపోతే, ఆడవాళ్ళు ఆ సంగతిని వయసుకో కాన్పులకో జమకట్టి లోపలే దాచుకుంటారు. తప్పు మూత్రాశయానిదని అనుకునేవారే ఎక్కువ. ఇలా కారే చాలామందిలో ఆ సంచి బాగానే ఉంటుంది. సడలేది దాని కింది ఆధారం. స్త్రీల మూత్రమార్గం పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లే. అది యోని ముందు గోడ మీద ఆనుకుని ఉంటుంది. ఆ గోడను ఇరుపక్కలా బంధన కణజాలమూ, కటి అడుగు కండరాలూ చీరతో కట్టిన ఊయలలా పట్టి ఉంచుతాయి. దగ్గినప్పుడు కడుపులోని ఒత్తిడి కిందికి దిగుతుంది. ఊయల బిగువుగా ఉంటే ఆ మార్గం మధ్యలో నలిగి మూసుకుపోతుంది. తోటకు నీళ్ళు పెట్టే పైపును బండ మీద పెట్టి తొక్కితే నీరు ఆగుతుంది. అదే బురదలో తొక్కితే పైపు దిగబడుతుందే గాని నీరు ఆగదు. అమెరికా వైద్యుడు జాన్ డిలాన్సీ మృతదేహాలను పరిశీలించి 1994లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇదే. ఊయల సడలడానికి పెద్ద కారణం కాన్పు: బిడ్డ తల దిగేటప్పుడు ఈ కండరాల్లో కొంతభాగం మూడు రెట్లకు పైగా సాగుతుందని 2004లో ఒక కంప్యూటర్ నమూనా లెక్కగట్టింది.

మరి కాన్పే ఎరగని వాళ్ళకూ కారుతుంది కదా? నిజమే. ఊయల ఒక్కటే కారణం కాదని డిలాన్సీ బృందమే 2008లో తేల్చింది: కారనివారితో పోలిస్తే కారేవారిలో మూత్రమార్గం తనంతట తాను మూసుకునే బలం 40 శాతానికి పైగా తక్కువగా ఉంది. అంటే చుట్టూ ఉన్న కండర వలయమూ బలహీనపడుతుంది. అయినా ఆధారాన్ని బిగిస్తే ఫలితం ఉంటుందనడానికి సాక్ష్యం గట్టిది. దగ్గే క్షణానికి ముందు కటి కండరాలను బిగించడం నేర్పితే వారంలోనే కారడం బాగా తగ్గిందని 1998లో జానిస్ మిల్లర్ బృందం చూపింది. 2018లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఈ వ్యాయామం చేసినవారిలో 56 శాతం నయమైందన్నారు, చేయనివారిలో 6 శాతమే. ఒక్కసారిగా ఆత్రం పుట్టి, మరుగుదొడ్డి చేరేలోపే పడిపోవడం మాత్రం వేరే జబ్బు. దానికి ఈ వివరణ చాలదు.

ఈ వ్యాయామం ఇలా: ఒంటేలు ఆపుకుంటున్నట్టు కటి కండరాలను లోపలికీ పైకీ లాగి, కాసేపు పట్టి, వదలాలి. ఒక్కో విడతకు ఎనిమిదిసార్లు, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. ఇంటి గుమ్మంలోకే ఫిజియోథెరపీ తెచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం 'మక్కళై తేడి మరుత్తువం' 2021 ఆగస్టు 5న మొదలైంది ఈ కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. ఆ ఫిజియోథెరపిస్టు మీ ఇంటికి వస్తే, మోకాళ్ళ నొప్పితోపాటు ఈ మాట కూడా చెప్పండమ్మా.